పనిచేసిందా అని అడిగే ముందు

విద్యా సాంకేతికత మీద మన దగ్గర వచ్చే థీసిస్‌లు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. "ఫలానా జిల్లా తొమ్మిదో తరగతి విద్యార్థుల సాధనపై మల్టీమీడియా బోధన ప్రభావం: ఒక అధ్యయనం." ఒకే బడిలో రెండు సెక్షన్లు తీసుకుంటారు. 'ఎ' సెక్షన్‌కు మామూలుగా బోర్డు మీద పాఠం, 'బి' సెక్షన్‌కు ప్రొజెక్టర్ మీద పాఠం. ముందొక పరీక్ష, తర్వాతొక పరీక్ష. సగటు మార్కుల తేడా, టి వాల్యూ, 0.05 స్థాయిలో సార్థకం, అంటే ఆ తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం తక్కువని. ఐదో అధ్యాయం చివర సిఫార్సులు ఉంటాయి. ప్రతి బడికీ పరికరాలు ఇవ్వాలి, టీచర్లకు శిక్షణ ఇవ్వాలి, ఇంకా పరిశోధనలు జరగాలి. బైండింగ్ అయిపోతుంది, డిగ్రీ వచ్చేస్తుంది. ఆ ప్రొజెక్టర్ పాఠాన్ని మళ్లీ ఎవరూ తెరవరు.

నేను హనుమకొండలో బీఈడీ విద్యార్థులకు గణిత బోధన చెప్తాను. కాలేజీ లేని రోజుల్లో చుట్టుపక్కల జడ్పీ హైస్కూళ్లలో టీచర్లతో కలిసి డిజిటల్ పాఠాలు తయారుచేస్తుంటాను. రెండు వైపులా తిరుగుతున్నాను కాబట్టి ఈ మూస మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. వాళ్లు చేసే లెక్కల్లో తప్పు లేదు. ప్రశ్నే ముందుగా అడిగేస్తున్నారు. ఆ పాఠంలో ఏ బొమ్మ ఎందుకు పెట్టారు, పిల్లలు ఎక్కడ ఆగిపోయారు, సారు ఏ స్లయిడ్ దాటేసి సుద్దముక్క పట్టుకున్నారు, కరెంటు పోయాక పాఠం ఎలా నడిచింది, ఇవేవీ థీసిస్‌లో ఉండవు. మార్కులు పెరిగితే ఎందుకు పెరిగాయో చెప్పలేం. పెరగకపోతే దేన్ని మార్చాలో తెలియదు. తర్వాతి పరిశోధకుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు.

నా వాదన ఇది. బడిలోకి వచ్చే ఏ కొత్త సాంకేతికతనైనా ముందు డిజైన్ ఆధారిత పరిశోధనతో చూడాలి. టీచరుతో కలిసి, నిజమైన తరగతిలో, నిజమైన పీరియడ్‌లో చూడాలి. ఏం జరుగుతుందని అనుకుంటున్నామో, ఎందుకు అనుకుంటున్నామో ముందే కాగితం మీద పెట్టాలి. చూశాక పాఠాన్ని మార్చాలి. ఎందుకు మార్చామో రాయాలి. మళ్లీ చూడాలి. ఆ మార్పుల వెనకున్న కారణాలే పరిశోధన ఫలితం. "పనిచేసిందా" అన్న ప్రశ్న తర్వాత వస్తుంది, అప్పుడే దానికి అర్థం ఉంటుంది.

వరంగల్ చుట్టుపక్కల వ్యవసాయం తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. ఇక్కడి వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి వరంగల్ సాంబ, సిద్ధి లాంటి వరి రకాలు వచ్చాయి. స్టేషన్ మళ్లలో బాగా పండిందని ఒక రకాన్ని అట్లాగే విడుదల చేయరు. కొన్ని సీజన్లు చూస్తారు, వేరే నేలల్లో వేసి చూస్తారు, మినీకిట్లు, అంటే చిన్న విత్తన సంచులు ఇచ్చి రైతు పొలంలో చూస్తారు. ఉల్లికోడు ఎక్కడ తగిలింది, పైరు ఎక్కడ పడిపోయింది, ఎందుకు, అన్నీ రాసుకుంటారు. పిల్లల ముందుకు వచ్చే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఈ దశే ఉండదు. ఆఫీసు నుంచి నేరుగా తరగతి గోడ మీదికి వస్తుంది.

మాటలు చాలు, ఒక పాఠం దగ్గరికి పోదాం.

నర్సంపేట వైపు ఒక హైస్కూల్లో గణితం చెప్పే మేడంతో కలిసి ఏడో తరగతి దశాంశాల మీద పనిచేస్తున్నాం. తరగతిలో ఐఎఫ్‌పీ ఉంది, అంటే తాకితే పనిచేసే పెద్ద ప్యానెల్. అందులో దశాంశాల యాప్ ఒకటి ఉంది. నీలం రంగు దిమ్మెలు, పదో వంతులు, వందో వంతులు, చక్కటి యానిమేషన్. పిల్లలు చప్పట్లు కొడుతూ చూశారు. తర్వాత యాప్ ప్రశ్నలు అడిగింది. 1.20 + 1.25 ఎంత? ముందు బెంచీలోని అమ్మాయి లేచివెళ్లి 3.05 అని నొక్కింది. ఎర్ర ఇంటు గుర్తు పడింది. "మళ్లీ ప్రయత్నించండి" అని గొంతు వినిపించింది. ఆ అమ్మాయి మళ్లీ 3.05 అనే నొక్కింది.

మేడం దగ్గరికెళ్లి "ఎట్లా వచ్చింది బిడ్డా" అని అడిగారు. "మేడం, ఇరవై, ఇరవై ఐదు కలిపితే నలభై ఐదు గుంటలు. నలభైకే ఎకరం అయితది గదా. మూడెకరాల ఐదు గుంటలు."

లెక్క తప్పేం లేదు. తెలంగాణలో భూమిని ఎకరాలు, గుంటల్లో కొలుస్తాం. 40 గుంటలు ఒక ఎకరం. పట్టాదారు పాస్‌బుక్‌లో రెండెకరాల పదిహేను గుంటలను 2.15 అని రాస్తారు. ఆ చుక్క కింద పదులు లేవు, నలభైలు ఉన్నాయి. 2.39 తర్వాత వచ్చేది 3.00. అర ఎకరం అంటే 0.20. రైతుభరోసా (అంతకుముందు రైతుబంధు) డబ్బు పడ్డప్పుడు, బ్యాంకులో క్రాప్ లోన్‌కు పోయినప్పుడు, అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఆ అంకెలు ఇంట్లో అందరి నోళ్లలో నానుతాయి. ఆ పిల్లకు చుక్క ఉన్న అంకె మొదట పరిచయమైంది బళ్లో కాదు, ఇంట్లోని పాస్‌బుక్‌లో.

ఒకసారి ఇది కనిపించాక చాలా కనిపించాయి. సగాన్ని దశాంశంలో రాయమంటే 0.20 అని రాసినవాళ్లు ఉన్నారు. 1.5, 1.15లో ఏది పెద్దదంటే 1.15 అన్నారు, పదిహేను గుంటలు ఐదు గుంటల కంటే ఎక్కువ కదా. మగపిల్లలకు క్రికెట్ ఓవర్లు ఇంకో చుక్క. 3.4 ఓవర్లు, 2.4 ఓవర్లు కలిపితే 6.2 ఓవర్లు. అదీ సరైన లెక్కే, అక్కడ చుక్క కింద ఆరు. చుక్కకు అటూ ఇటూ రెండు వేర్వేరు పూర్ణసంఖ్యలు ఉన్నాయనుకోవడం, అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దదనుకోవడం గణిత విద్యా పరిశోధనలో చాలా దేశాల్లో నమోదైన విషయాలే. కానీ ఇక్కడ దానికి ఇంత బలమైన ఆధారం పిల్లల ఇంట్లోనే ఉందని ఆ యాప్ చేసినవాళ్లకు తెలిసే అవకాశం లేదు. పాత పద్ధతిలో దశాంశాలకు రూపాయలు, పైసలు ఉదాహరణగా చెప్పేవాళ్లం. 25 పైసలు, అంతకంటే చిన్న నాణేలు 2011లోనే చెల్లకుండా పోయాయి. ఈ పిల్లలు పుట్టకముందే. పైసా వాళ్లకు చేతిలో పట్టుకున్న వస్తువు కాదు. గుంట మాత్రం కాలి కింద నేల.

రెండు సెక్షన్ల పరీక్షా పద్ధతిలో ఇది ఎలా కనిపించేది? ఆ అమ్మాయి జవాబు ఒక సున్నా మార్కు. అంతే. సగటులో కలిసిపోయేది.

మేడమూ నేనూ ఆ పాఠాన్ని మార్చాం. ప్యానెల్ మీద మొదట దిమ్మెలు లేవు. పేర్లు, సర్వే నంబర్లు తీసేసిన పాస్‌బుక్ వరుస ఒకటి, పత్తి కొనే దగ్గర ఉండే ఎలక్ట్రానిక్ కాంటా డిస్‌ప్లే ఒకటి, స్కోరుబోర్డు ఒకటి. మూడింటి కింద ఒకే ప్రశ్న: చుక్క తర్వాత ఎన్నయితే ముందు అంకె ఒకటి పెరుగుతుంది? నలభై, వెయ్యి, ఆరు. దాన్ని బట్టి కింద సంఖ్యారేఖ అన్ని భాగాలు అవుతుంది. ఆ తర్వాతే గణితం పుస్తకంలోని చుక్క వస్తుంది. అక్కడ పది, మళ్లీ పది, మళ్లీ పది. మేము ముందే రాసుకున్న ఊహ ఇలా ఉంది: పిల్లలు తమకు తెలిసిన చోట ఎన్నయితే ఒకటి అవుతుందో నోటితో చెప్తే, పుస్తకంలో చుక్కకు వేరే నియమం ఉందని గుర్తుపడతారు, పాత జ్ఞానాన్ని వదులుకోనక్కర లేకుండానే.

ఊహలో సగమే నిలిచింది. పాస్‌బుక్ దగ్గర చర్చ బాగా సాగింది. కానీ ప్యానెల్ పెన్ను ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఆలోచిస్తున్నారు, మిగతావాళ్లు సినిమా చూసినట్టు చూస్తున్నారు. అందుకే ప్యానెల్ ముట్టుకోకముందే ప్రతి ఒక్కరూ తమ నోట్‌బుక్‌లో జవాబు, కారణం రాయాలని పెట్టాం. స్కోరుబోర్డు రాగానే మగపిల్లలు అరవడం, ఆడపిల్లలు తగ్గిపోవడం జరిగింది. మేడం దాన్ని చివరికి జరిపారు. అది ఆమె నిర్ణయం, ఆమె కారణంతో సహా రికార్డులో ఉంది.

కాంటా దగ్గర జరిగింది మేము అనుకోనిది. డిస్‌ప్లేలో 1.250 చూపిస్తే తరగతి మొత్తం "కిలో పావు" అంది. 1.500 చూపిస్తే "కిలోన్నర" అన్నారు. అప్పుడు మేడం బోర్డు మీద 1.5 అని రాసి, ఇదెంత అని అడిగారు. కాసేపు గుసగుసలు. వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి, "గదీ కిలోన్నరే మేడం, కాంటా వెనక సున్నాలు జేర్చింది." ఆ తర్వాత 1.5 పెద్దదా 1.15 పెద్దదా అన్న ప్రశ్నకు వాళ్లు కాంటా సున్నాలు చేర్చి జవాబు చెప్పడం మొదలుపెట్టారు. పాస్‌బుక్ చుక్కను బయటపెడుతోంది, కాంటా అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దదన్న భ్రమను విరగ్గొడుతోంది. రెండు వస్తువులు రెండు వేర్వేరు పనులు చేస్తున్నాయి. ఇది తెలుసుకోవడానికి పోల్చి చూసే ఏ కంట్రోల్ గ్రూపూ అక్కర్లేదు. పక్కన నిలబడి చూడటం, రాసుకోవడం కావాలి. ముందు ఊహ రాసి పెట్టుకుని ఉండటం కూడా కావాలి. అది లేకపోతే అనుకోనిది అనుకోనిదిగా కనిపించదు.

ఈ పద్ధతికి ముప్పై ఏళ్లు దాటిన చరిత్ర ఉంది. ఆన్ బ్రౌన్ అనే, అమెరికాలో పనిచేసిన మనస్తత్వవేత్త జ్ఞాపకశక్తి మీద ల్యాబ్ ప్రయోగాలతో పేరు తెచ్చుకున్నారు. 1984లో ఆనెమరీ పాలింక్సర్‌తో కలిసి, పిల్లలే వంతులవారీగా టీచరు పాత్ర తీసుకుని చదివింది చర్చించే పద్ధతిని ప్రచురించారు. తర్వాత తరగతి గదుల్లోకే వెళ్లి పనిచేస్తూ 1992లో ఒక పెద్ద వ్యాసం రాశారు. తరగతిలో ఒక్కదాన్నే మార్చి మిగతావన్నీ అట్లాగే ఉంచడం కుదరదని, పాఠం, పరీక్ష, టీచరు పాత్ర, పిల్లల మధ్య మాటలు అన్నీ ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయని ఆమె అనుభవంతో చెప్పారు. అదే ఏడాది ఆలన్ కాలిన్స్ విద్యకు ఒక డిజైన్ శాస్త్రం కావాలని రాశారు. 2003లో ఒక అమెరికన్ విద్యా పత్రిక దీనికోసం ప్రత్యేక సంచికే తెచ్చింది. పాల్ కాబ్, ఆయన తోటివారు అందులో చెప్పిన ఒక మాట నాకు చాలా ముఖ్యం: డిజైన్ ప్రయోగం నుంచి వచ్చే సిద్ధాంతం చిన్నదిగా, వినయంగా ఉంటుంది, కానీ పని చేసి చూపించాలి. "చిన్నప్పటి నుంచి చుక్కను ఏ కొలతతో చూశారో దాన్ని బయటికి తీయకుండా స్థానవిలువ చెప్తే రెండూ కలిసిపోతాయి" అన్నది మా దగ్గర అలాంటి చిన్న సిద్ధాంతం.

ఊహను ముందే రాయడానికి మంచి సాధనం కూడా ఉంది. విలియం శాండొవల్ 2014లో వివరంగా రాసిన ఊహా పటం. ఒక కాగితం మీద ఎడమ పక్క మనం తయారుచేసినవి: పాస్‌బుక్ తెర, నోట్‌బుక్‌లో ముందు రాయడం, మేడం అడిగే ప్రశ్న. మధ్యలో వాటివల్ల తరగతిలో కనిపించాల్సినవి: పిల్లలు "ఇక్కడ నలభై, అక్కడ పది" అని విడదీసి మాట్లాడటం. కుడి పక్క చివరికి రావాల్సినవి: కొత్త సంఖ్యల్ని సరిగ్గా పోల్చడం. మార్కులు పెరిగి మధ్యలోది కనిపించలేదనుకోండి, మన కారణం తప్పు. మధ్యలోది కనిపించి మార్కులు పెరగలేదనుకోండి, ఆ మాటల నుంచి చివరి పనికి ఉందనుకున్న లంకె తెగింది. ఏది తెగిందో తెలిస్తే ఏది మార్చాలో తెలుస్తుంది. మా బీఈడీ పిల్లలతో ఈ పటం వేయిస్తే మొదట మధ్య గడి ఖాళీగా వదిలేస్తారు. యాప్ ఉంది, మార్కులు వస్తాయి, మధ్యలో ఏముంటుంది సార్ అంటారు. మన దగ్గర విద్యా సాంకేతికత మొత్తం ఆ ఖాళీ గడిలోనే ఇరుక్కుంది.

దీనికి ఎదురుగా వచ్చే విమర్శలు చిన్నవి కావు.

మొదటిది: పాఠం తయారుచేసినవాడే అది బాగుందని సాక్ష్యం చెప్తే ఎవరు నమ్ముతారు? బ్రౌన్ దీన్ని తప్పించుకోలేదు. కొత్తగా ఏదైనా చేస్తే ఆ హడావిడికే పిల్లలు బాగా చేస్తారన్న హాథార్న్ ప్రభావం గురించీ, గుట్టలకొద్దీ రికార్డింగుల్లోంచి మనకు నచ్చిన ముక్కలే ఏరి చూపించే ప్రమాదం గురించీ 1992 వ్యాసంలోనే రాశారు. రెండో ప్రమాదానికి ఆమె బార్ట్‌లెట్ ప్రభావం అని పేరు పెట్టారు. నేను పైన చెప్పిన "కిలోన్నర" సంఘటన సరిగ్గా అలాంటి ముక్కే. అది ఒక్కటే చూపిస్తే మీరు నమ్మకూడదు. అందుకే ఏ పీరియడ్‌ను, ఏ పిల్లల నోట్‌బుక్‌లను చూడాలో ముందే నిర్ణయించుకోవాలి. ఏం కనిపిస్తే మా ఊహ తప్పని ఒప్పుకుంటామో పాఠానికి ముందే రాయాలి. రికార్డును పాఠంతో సంబంధం లేని ఇంకో టీచరుకు చూపించి చదివించాలి. ఈ మూడూ లేకుండా చేసేదాన్ని డిజైన్ పరిశోధన అనడానికి నేను ఒప్పుకోను.

అప్పట్లో హార్వర్డ్‌లో ఉన్న క్రిస్ డీడ్ 2004లో ఇంకో దెబ్బ కొట్టారు. చుట్టుపక్కల కదిలే ప్రతిదాన్నీ వీడియో తీసి, ఇంటర్వ్యూ చేసి, చివరికి ఎవరైనా ముందే ఊహించగలిగేది తేలుస్తున్నారని. ఈ విమర్శ నాకు సరైనదనే అనిపిస్తుంది. మధ్య గడి రాసుకోని చోటే అలా జరుగుతుంది. ఏం చూడాలో తెలియకపోతే అన్నీ తీసుకుంటారు.

అందరికంటే బలమైన విమర్శ లాటరీ పద్ధతి పరిశోధకుల నుంచి, అంటే కొత్తది ఎవరికి ఇవ్వాలో లాటరీ తీసి రెండు గుంపుల్నీ పోల్చేవాళ్ల నుంచి వస్తుంది. మాకు చిన్న చిన్న కథలు వద్దు, ఎంత ప్రభావమో సంఖ్య చెప్పండి అంటారు. వాళ్ల పనిని నేను గౌరవిస్తాను. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. బడి తర్వాత నడిచే సెంటర్లు, 619 మంది విద్యార్థులు, లాటరీ ద్వారా ఎంపిక, నాలుగున్నర నెలలు. గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల లాభం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత అది). చాలా పెద్ద ఫలితం. కానీ ఆ వ్యాసమే చెప్పే ఇంకో సంగతి ఉంది. ఆ సాఫ్ట్‌వేర్ వెనక పదేళ్లకు పైబడిన తయారీ ఉంది. ప్రతి పిల్లవాడి స్థాయిని పట్టుకుని అక్కడి నుంచి నడిపించడానికి, పిల్లల తప్పుల్ని గుర్తించడానికి ఏళ్లకేళ్లు మార్చుకుంటూ వచ్చారు. లాటరీ కొలిచింది ఆ పదేళ్ల పంటను. మనం మొదటి ఏడాదే, ఇంకా మొలకెత్తనిదాన్ని, టి వాల్యూతో కొలుస్తున్నాం.

అంతకుముందు లీ లిండెన్ గుజరాత్‌లో చేసిన అధ్యయనం నా వాదనకు ఇంకా దగ్గరిది. ఒకే సాఫ్ట్‌వేర్. బడి సమయంలో టీచరు పాఠానికి బదులుగా పెడితే పిల్లలు వెనకపడ్డారు. బడి తర్వాత అదనంగా పెడితే ముందుకొచ్చారు. అంటే "ఈ సాఫ్ట్‌వేర్ పనిచేస్తుందా" అన్న ప్రశ్నకు జవాబే లేదు. ఎప్పుడు, దేని స్థానంలో, ఎవరు పక్కన ఉండగా అన్నది కూడా డిజైన్‌లో భాగమే. పెరూలో పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచిన కార్యక్రమం మీద పెద్ద లాటరీ అధ్యయనం జరిగితే గణితం, భాష మార్కుల్లో ప్రభావం కనిపించలేదు. ఆ సంఖ్య నిజమే. కానీ ఆ ల్యాప్‌టాప్‌తో తరగతిలో ఏం చేయాలన్న డిజైన్‌ను పంచడానికి ముందే పట్టుబట్టి చేసి ఉంటే, అంత డబ్బు పెట్టాక ఆ సంఖ్య కోసం ఎదురుచూడాల్సిన అవసరం ఉండేది కాదు.

ఇక మన రాష్ట్రం సంగతి. ఇక్కడ పరికరాల కొరత గురించి మాట్లాడే రోజులు తగ్గాయి. ఉపగ్రహంతో ఊళ్లకు టీవీ పాఠాలు చూపించిన 1975-76 నాటి సైట్ ప్రయోగంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఉపగ్రహం ద్వారా పాఠాలు ప్రసారం చేసే రాష్ట్ర ప్రభుత్వ టీ-శాట్ ఉంది. 2020 సెప్టెంబర్ 1 నుంచి మూడు నుంచి పదో తరగతి దాకా దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు వచ్చాయి. పాఠ్యపుస్తకాల్లో కేంద్ర ప్రభుత్వ డిజిటల్ పాఠాల వేదిక దీక్షా క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి. హైస్కూళ్లకు ప్యానెళ్లు వచ్చాయి. 2025లో ప్రాథమిక పాఠశాలల్లో చదవడం, లెక్కలు నేర్పడానికి ఏఐ సాధనాలు మొదలయ్యాయి. ఒక్కోటి వచ్చినప్పుడల్లా మనం అడిగే లెక్క ఒకటే. ఎంతమంది చూశారు, ఎన్ని నిమిషాలు ఆన్‌లో ఉంది, రిపోర్టు పంపారా లేదా. నిమిషాల లెక్క కోసం ప్యానెల్ ఆన్ చేసి పక్కన నోట్స్ రాయించుకునే పరిస్థితి కూడా నేను చూశాను. టీచరును తప్పుపట్టను. అడిగింది నిమిషాలైతే ఇచ్చేదీ నిమిషాలే.

టీచర్లు ఈ సాధనాల్ని ఎప్పుడూ అట్లాగే వాడరు, మార్చుకుంటారు. ఇది తప్పు కాదు, ఇందులోనే సగం జ్ఞానం ఉంది. వీడియో ఇంగ్లిష్‌లో ఉంటే మ్యూట్ చేసి తనే తెలుగులో చెప్తారు. 2022 నుంచి వచ్చిన ద్విభాషా పుస్తకాల్లో ఎడమ పేజీ ఎప్పుడు, కుడి పేజీ ఎప్పుడు చదివించాలో ఎవరి పద్ధతి వాళ్లు కనిపెట్టుకున్నారు. తండా నుంచి వచ్చే పిల్లలున్న తరగతిలో ఒక మేడం లంబాడీ మాటలు ముందు అడిగి, తర్వాత పాఠం మొదలుపెట్టడం మహబూబాబాద్ వైపు చూశాను. కొన్ని మార్పులు మాత్రం పాఠం ప్రాణాన్నే తీసేస్తాయి. బ్రౌన్, జోసెఫ్ కాంపియోన్ 1996లో వీటిని ప్రాణాంతక మార్పులు అన్నారు. పద్ధతి పైరూపం ఉంటుంది, లోపలి సూత్రం పోతుంది. మా పాస్‌బుక్ పాఠాన్నే తీసుకోండి. ఎవరైనా "గుంటలు తప్పు, దశాంశాలు ఒప్పు" అని ముందే చెప్పేసి మొదలుపెడితే తెరంతా అదే ఉంటుంది, పాఠం మాత్రం చచ్చిపోతుంది. ఏ మార్పు బతికించేది, ఏది చంపేది అని చెప్పగలగడం డిజైన్ పరిశోధన చేసే పనుల్లో అతి విలువైనది. దానికి టీచరు సమాచారం ఇచ్చే మనిషిగా మిగలకూడదు, తోటి పరిశోధకురాలు కావాలి. వ్యాసం మీద ఆమె పేరు ఉండాలి.

ఇలాంటిది మన రాష్ట్రంలో అసలు జరగలేదని అనను. 2015లో టిస్ (ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ), అమెరికాలోని ఎంఐటీ, టాటా ట్రస్టులు కలిసి మొదలుపెట్టిన కనెక్టెడ్ లెర్నింగ్ ఇనిషియేటివ్, అందరూ క్లిక్స్ అనేది, పనిచేసిన నాలుగు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. హైస్కూలు కంప్యూటర్ ల్యాబుల్లో, ఒక్కో కంప్యూటర్ ముందు ఇద్దరు ముగ్గురు పిల్లలు మాట్లాడుకుంటూ నేర్చుకునేలా పాఠాలు చేశారు. చతుర్భుజాల ధర్మాల్ని ఆనవాళ్లుగా పట్టుకుని దొంగను గుర్తించే ఆట ఒకటి అందులో ఉంది. 2017 సంవత్సరపు యునెస్కో కింగ్ హమద్ బహుమతి కూడా దానికి వచ్చింది. ఐఐటీ బాంబేలో విద్యా సాంకేతికత విభాగం ఈ తరహా పరిశోధనలో పీహెచ్‌డీలు చేయిస్తోంది. మన దగ్గర ఎంఈడీ చేసే పిల్లలకు మాత్రం ఈ దారి ఒకటి ఉందని చెప్పేవాళ్లే తక్కువ.

అడ్డం పడేది ఎక్కువగా ఫార్మాట్. సినాప్సిస్ పెట్టగానే "శూన్య పరికల్పన ఏది, శాంపిల్ ఎంత" అని అడుగుతారు. శూన్య పరికల్పన అంటే రెండు గుంపుల మధ్య తేడా లేదన్న ముందస్తు అనుకోలు. ఒక్క తరగతి, ఒక్క టీచరు అంటే ముఖం చిట్లిస్తారు. నేను కోరేది పెద్దదేం కాదు. శూన్య పరికల్పన స్థానంలో ఊహా పటాన్ని ఒప్పుకోండి. ఫలితాల అధ్యాయంలో ఒక్కో దఫా పాఠం ఎందుకు మారిందో, ఏ ఆధారంతో మారిందో రాయనివ్వండి. ఆ పాఠాన్ని, దాని పాత రూపాలతో సహా, థీసిస్‌తోపాటు ఇంకో టీచరు తీసుకుని వాడేలా జతచేయమనండి. వైవాలో టి వాల్యూ బదులు "ఏం కనిపిస్తే మీ ఊహ తప్పని ఒప్పుకునేవారు" అని అడగండి. ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం చాలా కష్టం, నమ్మండి.

టైమ్ కూడా కావాలి. మన బడి క్యాలెండర్ తెలిసినవాళ్లే ఇక్కడ ప్లాన్ వేయగలరు. దసరా తర్వాత పత్తి ఏరే రోజుల్లో తరగతి పలచబడుతుంది. ఆ తర్వాత మిర్చి. మేడారం జాతర ఏడాదైతే ములుగు వైపు ఆ వారమంతా బడి ఊసే ఉండదు. ఎఫ్‌ఏ, ఎస్‌ఏ పరీక్షలు వాటి మధ్య. మూస పద్ధతిలో గైర్హాజరైన పిల్లల్ని శాంపిల్ నుంచి తీసేస్తారు. డిజైన్ పద్ధతిలో వాళ్లే ముఖ్యం. పత్తి చేనులో పది రోజులు గడిపి వచ్చిన అబ్బాయి తిరిగి పాఠంలోకి రాగలిగాడా లేదా అన్నది ఆ పాఠానికి అసలు పరీక్ష. మా కాంటా తెర పెట్టడానికి ఒక కారణం ఇదే, ఆ పది రోజులూ వాడు కాంటా పక్కనే ఉన్నాడు.

చివరిగా, ఒక్క ఊరి తరగతిలో తేలింది ఇంకో ఊరికి ఎలా వర్తిస్తుంది అన్న ప్రశ్న. దీనికి జవాబు ఇంకా పెద్ద శాంపిల్ అని అందరూ అనుకుంటారు. నేను ఇంకోలా చూస్తాను. కారణం సరిగ్గా పట్టుకుంటే అది వేరే చోట ఏం జరగాలో ముందే చెప్పగలగాలి. కృష్ణా, గుంటూరు వైపు భూమిని ఎకరాలు, సెంట్లలో కొలుస్తారు. 100 సెంట్లు ఒక ఎకరం. అక్కడ 2.15 ఎకరాలు నిజంగానే దశాంశం. మా కారణం సరైనదైతే అక్కడి పిల్లలు సగాన్ని 0.20 అని రాయకూడదు, 1.20 + 1.25ను 3.05 అనకూడదు. కానీ 1.5 కంటే 1.15 పెద్దదనే పొరపాటు అక్కడా రావాలి, పదిహేను సెంట్లు ఐదు సెంట్ల కంటే ఎక్కువ కాబట్టి. అలా జరగకపోతే మా చిన్న సిద్ధాంతం తప్పు, దాన్ని మార్చుకోవాలి.

అందుకే ఆంధ్రలో, అలాగే ఆదిలాబాద్ నుంచి ఖమ్మం దాకా గుంటల లెక్క నడిచే జిల్లాల్లో ఆరు, ఏడు తరగతులకు గణితం చెప్పే టీచర్లను ఒకటి అడుగుతున్నాను. దశాంశాల పాఠం మొదలుపెట్టే ముందు, ఏమీ వివరించకుండా, నాలుగు ప్రశ్నలు బోర్డు మీద రాయండి. సగాన్ని చుక్క పెట్టి రాయండి. 1.5, 1.15లో ఏది పెద్దది? 1.20, 1.25 కలిపితే ఎంత? 2.37, 2.38, 2.39 తర్వాత ఏది? ఒక్కో జవాబు కింద రెండు గీతలు ఖాళీ వదలమని చెప్పండి, "ఎందుకు" అన్నది పిల్లలు వాళ్ల మాటల్లోనే రాయడానికి. మార్కులు వేయకండి. ఆ కాగితాల్లో పేర్లు కొట్టేసి, మీ ఊళ్లో భూమిని దేనితో కొలుస్తారో పైన రాసి, ఫోటోలు తీసి పెట్టుకోండి.